దేశం గడి ఖాళీ

మే ఒకటో తారీఖున, అంటే వాప్పు పండగ రోజున, మా ఊళ్లో తల ఉన్న ప్రతివాడూ తెల్లటోపీ పెట్టుకుంటాడు. బడి ఆఖరి పరీక్ష గట్టెక్కినవాళ్ల టోపీ అది. ఎప్పుడో గట్టెక్కిన ముసలమ్మలు కూడా పసుపెక్కిన టోపీలు బీరువాల్లోంచి తీసి, తేనెపానకం తాగుతూ వీధులు కొలుస్తారు. మా ఆఫీసు మొత్తంలో ఆ రోజు ఉత్త తలతో తిరిగేది ఔలిస్ ఒక్కడే. ప్రపంచంలో ఎవరు బడి పరీక్ష సరిగ్గా పాసయ్యారో, ఎవరు కాలేదో తేల్చే ఉద్యోగం మాత్రం ఆ ఔలిస్‌దే.

పరాయి దేశాల్లో బడి చదువు ముగించి మా విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టేవాళ్లుంటారు. వాళ్ల మార్కులు మా ఫిన్లాండ్ లెక్కలో ఎంతకు సరి, చోటివ్వచ్చా, మొదటి ఏడాది కోర్సుల్లో ఏవైనా మినహాయించవచ్చా అని మేమిద్దరం చూస్తాం. పక్కపక్క బల్లలు. ఆఫ్రికా, ఆసియా నావి, మిగతా భూగోళం అతనిది. ఒక దేశంలో ఒకటి వస్తే ఊరేగింపు, ఇంకో దేశంలో అదే ఒకటి వస్తే ఇంటికెళ్లి అమ్మకు మొహం చూపించలేరు. ఫ్రాన్సువాళ్లు ఇరవైకి మార్కులేస్తారు గానీ ఆ ఇరవైని దేవుడి కోసం దాచి ఉంచుతారు. డెన్మార్క్‌లోనైతే సున్నా కిందికి కూడా దిగవచ్చు, మైనస్ మూడు దాకా. "మైనస్ మూడు వచ్చినవాడు సున్నా వచ్చినవాణ్ని చూసి కుళ్లుకుంటాడంటావా సైమీ?" అని ఔలిస్ ఒకసారి నన్ను చాలా గంభీరంగా అడిగాడు.

మా దేశం మాత్రం తక్కువ తిందా? మా పరీక్షలో అన్నిటికన్నా గొప్ప మార్కు 'ఎల్'. అదేదో లాటిన్ పొగడ్తలో మొదటి అక్షరం. అక్కడి నుంచి మెట్టు మెట్టు దిగుతూ వస్తే, చచ్చీచెడీ పాసైనవాడికి దొరికేది 'ఎ'. దాని కింద ఇంకొక్కటే ఉంది, 'ఐ'. కాగితం మీద ఒట్టి నిలువుగీత. అంటే తప్పాడని. ప్రపంచమంతా 'ఎ' వస్తే మిఠాయిలు పంచుకుంటుంది, మా ఇళ్లల్లో 'ఎ' వస్తే "పోనీలే, ఆరోగ్యంగా ఉన్నావు, అంతే చాలు" అంటారు.

ఔలిస్‌కు అన్నిట్లోనూ 'ఎ'లు, స్వీడిష్‌లో 'ఐ' వచ్చాయి. స్వీడిష్ మా రెండో అధికార భాష. బడిలో అందరం నేర్చుకుంటాం, బయటికొచ్చాక అందరం మరిచిపోతాం. ఔలిస్ ఆ మరిచిపోవడమేదో కొంచెం తొందరపడి పరీక్ష రోజునే చేశాడు. ఆ కాలంలో స్వీడిష్ తప్పితే మొత్తం పరీక్ష తప్పినట్టే. వాళ్లమ్మ అప్పటికే టోపీ కొని ఉంచింది. ఆ తర్వాత దాని సంగతి ఆవిడా ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. అతను మా ఆఫీసులో ఉత్తరాలు పంచే పనికి చేరి, విదేశీ మార్కుల కాగితాలు కథల పుస్తకాల్లా చదువుతూ దొరికిపోయి, ఈ బల్ల దగ్గరికి చేరాడు. జుట్టు నెరిసింది ఈ బల్ల దగ్గరే.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ఔలిస్ ఒక అభ్యాసం పెడతాడు. ఒక కాగితం ఇచ్చి, చోటివ్వచ్చో లేదో చెప్పమంటాడు. ఆ కాగితం మీదున్నవి అతని సొంత మార్కులే. పేరుండదు, దేశం గడి ఖాళీ. చదవదలచిన విషయం దగ్గర 'స్వీడిష్' అని రాసి ఉంటుంది. అది అతని జోకు. అతని జోకులకు ఎవరూ నవ్వరు, అతనూ నవ్వడు. ఆ అభ్యాసానికి సరైన జవాబు ఒక్కటే: "ముందు ఏ దేశమో చెప్పండి." అది అడిగినవాళ్లకు తన చేత్తో కాఫీ పోసి ఇస్తాడు.

రెండేళ్ల కిందట చలికాలం చివర్లో మా గదికి రంగులేస్తామని పనివాళ్లొచ్చారు. కాగితాలన్నీ అరటిపండ్ల అట్టపెట్టెల్లో కుక్కి వరండాలో పెట్టాం. ఔలిస్ అప్పుడు సెలవులో ఉన్నాడు, గడ్డకట్టిన సరస్సుకు కన్నం పెట్టి చేపల కోసం కూర్చున్నాడు. మళ్లీ సర్దేటప్పుడు ఆ అభ్యాసం కాగితం ప్రవేశాల సంఘానికి వెళ్లే కట్టలో కలిసిపోయింది. ఎవరు కలిపారంటే, రంగులేసినవాళ్లు నన్నంటారు, నేను వాళ్లనంటాను.

సంఘం కూర్చుంది. అధ్యక్షుడు తోర్స్తి, స్వీడిష్ ప్రొఫెసర్ గున్వోర్, నిర్ణయాలు రాసుకోవడానికి నేను. పక్షపాతం రాకూడదని సంఘం ముందుకు ఏ కాగితమూ పేరుతో వెళ్లదు, అయినా ఆ కాగితం తెర మీదికి రాగానే గుర్తుపట్టాను. నోరు తెరవబోయి ఆగాను. ఎవరో ఒకరు 'ఏ దేశం' అని అడుగుతారు, అప్పుడు చెబుదాం, అందరం నవ్వుకుందాం అనుకున్నాను.

"అబ్బో, వరసగా అన్నీ 'ఎ'లే!" అన్నాడు తోర్స్తి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి.

"అవన్నీ సరే, ఇది చూడు," అంది గున్వోర్. ఆవిడ లేచి తెర దగ్గరికి వెళ్లింది. "స్వీడిష్ కూడా రాశాడు. అందులో ఇదేంటి, నిలువుగీతా?"

"రోమన్ అంకె. ఒకటి. అంటే ప్రథమ శ్రేణి అన్నమాట."

"ప్రథమ శ్రేణా! మన పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారే స్వీడిష్ అంటే! ఎక్కడో ఆ మూల కూర్చుని..."

"ఆ వైపు బళ్లు గట్టివే," అన్నాడు తోర్స్తి.

ఏ వైపు? నేను పెన్ను కొరుక్కుంటూ కూర్చున్నాను. దేశం గడి ఖాళీగా ఉందని ఇద్దరూ చూశారు. చూడటం నేను చూశాను. అడిగితే తనకు తెలియదని పక్కవాళ్లకు తెలిసిపోతుందని ఇద్దరూ అడగలేదు. తోర్స్తి కూడా, గున్వోర్ కూడా ఈ దేశంలోనే పుట్టి, ఇదే పరీక్ష రాసి, ఇవే అక్షరాలు తెచ్చుకుని, ప్రతి వాప్పుకూ టోపీ పెట్టుకు తిరిగేవాళ్లు. కాగితం విదేశీ కట్టలోంచి వచ్చింది కాబట్టి వాళ్ల కళ్లకు సొంత ఇంటి అక్షరాలు కూడా పరాయివైపోయాయి.

"ఎండ దేశమే అయ్యుంటుంది," అంది గున్వోర్. "పాపం, చలికి తట్టుకోగలడో లేదో. మొదటి ఏడాది స్వీడిష్ మొత్తం మినహాయించేద్దాం. ఇంత వచ్చినవాడికి మళ్లీ మొదటి పాఠాలేంటి, సిగ్గుచేటు."

రాసుకున్నాను. ఏం చేయమంటారు, నవ్వాపుకోవడానికే నాకు ఊపిరి చాలలేదు.

ఔలిస్ సెలవు నుంచి వచ్చాక చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వుతాడనుకున్నాను. అతను కుర్చీలో కూలబడ్డాడు.

"చోటిచ్చారా?"

"ఇచ్చారయ్యా మహానుభావా. మొదటి ఏడాది మినహాయింపు కూడా. స్వీడిష్‌లో నువ్వు ప్రథమ శ్రేణి."

"నాకా?"

"నీకే. ఎండ దేశం నుంచి వచ్చావట. చలికి జాగ్రత్త."

అతను లేచి గది తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత మెల్లగా, "నాకు ఆ చోటు కావాలి సైమీ," అన్నాడు. నా నవ్వు ఎటు పోయిందో తెలియలేదు. ఇన్నేళ్లుగా పక్కన కూర్చున్నాను, ఈ మనిషికి ఏదైనా కావాలని నాకు తట్టనే లేదు.

"అయితే తీసుకో. ఎవడు అడ్డం?"

వారమంతా అతను ఏ పనీ సరిగ్గా చేయలేదు. పోర్చుగల్ పిల్లకు పోలండ్ లెక్క కట్టాడు. వారం చివర్లో గున్వోరే మా గదికొచ్చింది, ఆ విదేశీ విద్యార్థిని తానే స్టేషన్‌లో కలిసి తీసుకొస్తానంటూ. చేతిలో ఉన్ని కండువా కూడా ఉంది. నేను ఔలిస్ వైపు వేలు చూపించాను. "ఈయనే ఆ విద్యార్థి."

ఆవిడ ఔలిస్‌ను కాఫీ యంత్రం దగ్గర ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. అయినా ఆ క్షణంలో మొహం విప్పారింది. చేయి చాచి, స్వీడిష్‌లో, నింపాదిగా, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు అడిగింది: "మీరు ఎక్కడి నుంచి వచ్చారు?"

ఔలిస్ లేచి నిలబడి, "యా," అన్నాడు, అంటే అవునని.

"ఎక్కడి నుంచి?"

"యా, యా."

అప్పుడు ఫిన్నిష్‌లో చెప్పేశాడు. ఆ 'ఐ' ఒకటి కాదని, 'ఐ'నే అని. గున్వోర్ కండువా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మొదట మెడ, తర్వాత చెవులు ఎర్రబడ్డాయి.

సంగతి తోర్స్తికి చేరింది. రద్దు చేయాలంటే కారణం రాయాలి. కారణం ఏమని రాస్తారు? ఫిన్లాండ్ ప్రవేశాల సంఘం ఫిన్లాండ్ మార్కులు చదవలేకపోయిందనా?

"రద్దూ లేదు, గిద్దూ లేదు," అన్నాడు తోర్స్తి. "ఇచ్చిన చోటు ఇచ్చినట్టే. హాయిగా వచ్చి చదువుకోవయ్యా ఔలిస్. మాకేం అభ్యంతరం లేదు."

"నాకుంది," అన్నాడు ఔలిస్.

సంఘం నిర్ణయం మీద ఎవరికైనా అభ్యంతరముంటే రాసి పంపాలి. మర్నాడు ఔలిస్ తన ప్రవేశం చెల్లదని అభ్యంతరం రాసి పంపాడు. అలాంటివన్నీ ఎవరి బల్లకు వస్తాయి? ఔలిస్ బల్లకే. అది విప్పి, చదివి, 'మీ అభ్యంతరం అందింది, పరిశీలనలో ఉంది' అని తనకు తానే జవాబు పంపుకున్నాడు. తర్వాత దాన్ని వరసలో అడుగున పెట్టాడు.

"ఇంకా ఎన్నాళ్లు నానుస్తావు?" అన్నాను.

"నాకన్నా ముందు పెట్టుకున్నవాళ్లున్నారు."

"నీ గురించి నీకు తెలియదా? ఇప్పుడే తేల్చెయ్యచ్చుగా!"

"తెలిసినవాళ్ల పని ముందు చేస్తే బావుండదు," అన్నాడు. ఆ మనిషిని అక్కడే గొంతు పిసకాలనిపించింది.

వరసలో తన వంతు వచ్చాక తన అభ్యంతరం న్యాయమైనదేనని తేల్చి, తన చోటు తానే రద్దు చేసుకున్నాడు. చిట్టచివర మేం అందరికీ రాసే వాక్యం తనకూ రాసుకున్నాడు: భవిష్యత్తులో మళ్లీ ప్రయత్నించగలరు. నాకు ఒళ్లు మండిపోయింది.

"పిచ్చా నీకు? చేతిలో పెట్టిన చోటు వదులుకుంటావా?"

"'నీ మార్కులు చాలవు' అని ఎంతమందికి రాశాను సైమీ! వాళ్లెవరికీ ఎండ దేశం దొరకలేదు. నాకొక్కడికే దొరికితే ఎలా?"

అతని మాట సబబే. సబబు కాబట్టే ఇంకాస్త తిట్టాను.

ఆ వేసవి తర్వాత అతను పరీక్షకు పేరు నమోదు చేసుకున్నాడు. పాత మార్కులు ఎప్పుడో చెల్లకుండా పోయాయి, అన్నీ మళ్లీ రాయాలి. ఇప్పటి పద్ధతిలో స్వీడిష్ తప్పనిసరి కాదు, దాన్ని వదిలేసి కూడా టోపీ తెచ్చుకోవచ్చు. చెప్పి చూశాను. విన్లేదు. గున్వోర్ రోజూ కాఫీ వేళకు మా గదికొచ్చి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. అతను క్రియాపదాన్ని తప్పు చోట పెట్టినప్పుడల్లా ఆవిడ అతని దాల్చినచెక్క రొట్టెలోంచి ఒక ముక్క తుంచి తినేసేది. ఆ శరదృతువులో ఆవిడ బాగా ఒళ్లు చేసింది.

స్వీడిష్ పరీక్ష రోజు నేనే కారులో దింపాను. ఆరు గంటల పరీక్ష కాబట్టి లోపలికి తిండి తీసుకెళ్లనిస్తారు, కానీ కాపీ రాతలు దాచకుండా, తినేవాటి మీద అక్షరం ముక్క ఉండకూడదని నియమం. ఔలిస్ పెరుగు డబ్బా మీది కాగితం, సాసేజ్ మీది పేరు, చాక్లెట్ తొడుగు అన్నీ గీకి పారేశాడు. అరటిపండు మీది స్టిక్కర్ కూడా పీకాడు. దాని మీద దేశం పేరుందట. మనవల వయసు పిల్లల మధ్య, పేరూ ఊరూ లేని తిండి ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

ఫలితాలొచ్చిన రోజు కంప్యూటర్ తెర చూసి అతను కుర్చీ వెనక్కి జరిపాడు. నేనే తొంగిచూశాను. అన్నీ పాసు. స్వీడిష్‌లో 'ఎ'. నేను లేచి తిన్నగా బేకరీకి వెళ్లి కేకు మీద పెద్ద 'ఎ' రాయమన్నాను.

"ఒట్టి 'ఎ' యేనా? అయ్యో," అంది బేకరీ అమ్మాయి, జాలిగా.

"అయ్యో ఏంటమ్మా, అయ్యో! ఇంకొంచెం లావుగా రాయి," అన్నాను.

వాప్పు నాడు ఔలిస్ ఒక అట్టడబ్బా పట్టుకుని చౌరస్తాకు వచ్చాడు. వాళ్లమ్మ కొన్న టోపీ. తల పెద్దదైంది గాబోలు, నెత్తి మీద నిలవనంటోంది. చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఈలోగా గున్వోర్ మెడలో అదే ఉన్ని కండువాతో ఎదురొచ్చింది. టోపీని చూసింది, అతన్ని చూసింది, ఏనాడూ చూడనట్టు చేయి చాచి స్వీడిష్‌లో అడిగింది:

"మీరు ఎక్కడి నుంచి వచ్చారు?"

ఔలిస్ గొంతు సవరించుకున్నాడు. పెదాలు లోపల్లోపలే మాటలు కూడబలుక్కున్నాయి. ఆవిడ తొందరపెట్టలేదు, నేనూ పెట్టలేదు.

"ఇక్కడి నుంచే," అన్నాడు, స్వీడిష్‌లో.