బురుల్చా బల్ల మీది కల్పాక్

కొండదారి తెరిచి ఉందో లేదో లారీ డ్రైవర్ల ఫోన్లకు చెప్పే ఆఫీసు బిష్కెక్ నగరంలో ఒకటుంది. అక్కడ అందరూ రాసిన కోడ్‌ను ఒక్క ప్రోగ్రాముగా కూర్చే పని బురుల్చాది. జుట్టు నెరిసేదాకా అదే పని. ఆఫీసంతటికీ ఆమె ఎజే, అంటే అక్కయ్య.

ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. కల్పాక్, అదే తెల్ల ఉన్ని టోపీ, ఎవరి బల్ల మీద ఉంటే వాళ్లే ఉమ్మడి ఫోల్డర్‌లో చెయ్యి పెట్టాలి. ఒకసారి ఆఫీసు కుర్రాడు తిలెక్ మహాశయుడు దాన్ని నెత్తిన పెట్టుకుని మేనమామ ఇంటి విందుకు నరీన్ ఊరికి చెక్కేశాడు. ఎదురుచూసి విసిగిన ఇంకొకడు ఇంటి నుంచి తన కల్పాక్ తెచ్చుకుని పని కానిచ్చాడు. తిలెక్ తిరిగొచ్చి ఫోల్డర్‌లో ఆ కొత్త కోడ్ మీద తన పాత కాపీని పెట్టేశాడు. అంత పనీ మట్టిగొట్టుకుపోయింది.

ఆ తర్వాతే కొత్త ఏర్పాటు వచ్చింది. కోడ్ దాచడం, కూర్చడం, పరీక్షించడం అన్నీ ఒకేచోట. బురుల్చా మూతి ముడుచుకుంది.

"నా చేతుల పని అది చేస్తుందా? చూద్దాంలే!"

తొలి మంచు పడిన ఉదయం చూడాల్సొచ్చింది. దారి మూసేశారు, ఫోన్లలో మాత్రం తెరిచే ఉందని వస్తోంది. ఆమె భర్త సాబిర్ బంగాళాదుంపల లారీతో బయలుదేరాడు. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తడు. కొండెక్కే ముందు టీ కొట్టు దగ్గర ఆగి ప్రోగ్రాము చూసుకుంటాడు, అంతే. ఆలోగా సరిచెయ్యాలి.

"తిలెక్, నువ్వే ఏదో వెలగబెట్టుంటావ్!"

"తర్వాత తిట్టండి ఎజే, ముందిది చూడండి."

తెర మీద ప్రతి మార్పూ చేసినవాళ్ల పేరుతో వరసగా ఉంది. దారి సంగతి చెప్పే చోట చివరగా చెయ్యి పెట్టింది బురుల్చానే. నా కోడ్‌కు పరీక్షలెందుకని వాటిని దాటేసింది కూడా తనే.

"ఆ మార్పు తీసెయ్యనా ఎజే?"

"తియ్యరా, ఇంకా అడుగుతావేంటి!"

ఒక్క నొక్కు. ఆ మార్పొక్కటే తప్పుకుంది, మిగతావాళ్ల పని చెక్కుచెదరలేదు. ప్రోగ్రాము తనంతట తానే కూడుకుంది, పరీక్షలన్నీ నెగ్గి ఫోన్లకు వెళ్లిపోయింది. ఔరా, మనిషి బుర్రే బుర్ర! పూర్వం పొద్దుగూకేదాకా తాను పడ్డ పాట్లన్నీ చెయ్యి తగలకుండా తీరిపోతుంటే బురుల్చా గుడ్లప్పగించి చూసింది. కప్పులో టీ ఇంకా పొగలు కక్కుతోంది.

ఫోన్ మోగింది. సాబిర్.

"దారి మూశారటగా. మీ ప్రోగ్రామే చెప్పింది. టీ తాగుతున్నా."

"తాగు. ఇంకోటి కూడా తాగు," అంటూ ఏడ్చేసింది.

తర్వాత తన బల్ల మీద ఇంకా దాచుకున్న కల్పాక్ తీసి తిలెక్ నెత్తిన పెట్టింది.

"ఏ విందుకైనా పెట్టుకుపోరా. ఇక్కడ పని ఆగదులే."