వంకర కుట్టు రాని చెయ్యి

మా టైలర్ మాస్టర్ పోయారని కడప నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. "నమాజుకు లేచినాడన్నా, అంతే" అంది. దుబాయ్ సత్వాలో ఒకే గదిలో తొమ్మిదేళ్లు ఆయనది కింది మంచం, నాది పై మంచం.

నేను జగిత్యాల వైపు వాణ్ని, గోదాములో పని. నా యూనిఫాం అంచు ఊడితే అడగకుండానే కుట్టి పెట్టేవారు. "బైట కుట్టు ఎవురైనా చూస్తారు, లోపలిది జూడు అబ్బీ" అనేవారు.

కరోనా ఏడాది ఆయన పనిచేసే దుకాణం మూతపడింది. డిసెంబర్ ఆఖరుకు వీసా అయిపోతుంది. ఊళ్లో భార్య మందులు ఆ జీతం మీదే. అరవై దాటినవాణ్ని మళ్లీ ఎవరు పిలుస్తారు? అప్పుడొక బట్టల షాపు మేడమ్ మాట ఇచ్చింది. పార్టీల్లో తెల్లవాళ్లు సరదాకు వేసుకునే క్రిస్మస్ స్వెట్టర్ ఒకటి ఇంట్లో కుట్టి తేవాలి, ఎంత వికారంగా ఉంటే అంత మంచిది, చూసినవాళ్లు పగలబడి నవ్వాలి. నచ్చితే పనీ, వీసా రెండూ.

మాస్టర్ ఎర్ర స్వెట్టర్ మీద క్రిస్మస్ తాత బండి లాగే జింకను కుట్టారు. కొమ్ములు టేపుతో కొలిచి మరీ. "ఇది చర్చికి వేసుకెళ్లేలా ఉంది" అని మేడమ్ తిప్పి పంపింది. ఇంకొక్క అవకాశం, ఒక్క రోజు.

"చెడగొట్టేది యాడ నేర్చుకునేది అబ్బీ? నువ్వు కుట్టు."

"నాకు గుండీ కుట్టుడే రాదు మాస్టర్."

"అందుకే గదప్పా! యల్లా, మొదలుపెట్టు."

ఇంకో జింకను కుట్టాను. ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది. ముక్కు చెవి దగ్గరికి పోయింది. మెడ చుట్టూ క్రిస్మస్ తాతలా దూది గడ్డం. మాస్టర్ దగ్గు వచ్చేదాకా నవ్వారు. "తూ! మా వీధి గాడిద మేలు. ఇదే కావాల. ఇంక ముట్టుకోను, అల్లా తోడు."

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నారు. ఒళ్లో స్వెట్టర్. కళ్లు సమానంగా, ముక్కు నడిమధ్యన, దూది ఒద్దికగా ఉన్నాయి. అప్పటికే మేడమ్ చూసి వద్దని చెప్పేసింది.

"కన్ను ఊడిపోతాదేమోనని ఒక్క కుట్టు గట్టిగా ఏద్దామనుకున్యా. చేతులు ఊరుకోలా."

"మల్లొక్కసారి అడుగుదాం మాస్టర్."

"ఖలాస్ అబ్బీ."

అయినా ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఆమె ఎత్తలేదు. ఆయన నా ముఖం వైపే చూస్తూ కూర్చున్నారు.

జనవరిలో ఎయిర్‌పోర్టు బస్సు దగ్గర వీడ్కోలు. అందరం దూరం దూరంగా నిలబడే రోజులు. ఆయన మెట్టు ఎక్కబోయి ఆగారు, వెనక్కి వచ్చారు. మాస్కు కిందికి లాగి, నా చొక్కా చేతి అంచున వేలాడుతున్న దారాన్ని పంటితో తెంపారు.