ఆ మాట నాగవేణి అనలేదు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పోలీసులు వచ్చే నేరమేం కాదు. అయినా బరువే. నా పేరు చెప్పను. శింగనమల దగ్గర ఒక బడిలో సైన్సు చెప్పేదాన్ని, మీకు అది చాలు.

బడిలో మూలన ఒక గది ఖాళీగా ఉండేది. పాత సైకిళ్లు, తెగిన డ్రిప్పు పైపులు, కాలిపోయిన మోటార్లు తెచ్చి అందులో పడేసి, మీకు తోచింది చేసుకోండని పిల్లల్ని వదిలేశాను. ఎనిమిదో తరగతి పిల్లలు ఐదుగురు వేరుశనగ చెట్ల నుంచి కాయలు తెంపే చక్రం మొదలుపెట్టారు. వాళ్ల అమ్మలు కూలికి పోయి రోజంతా కాయలు తెంపితే వేళ్లు పుండ్లయ్యేవి. అందుకని. సైకిల్ చక్రానికి తీగలు కట్టి తిప్పితే కాయలు రాలాయి గానీ సగం పగిలిపోయాయి. తీగ మెత్తగా ఉండాలని షబానా అంది. ఓబులేసు కాలికున్న హవాయి చెప్పు తీసి ఇచ్చాడు. నాగవేణి దాన్ని కోసి తీగలకు తొడిగింది. మిగతా ఇద్దరూ తిప్పి చూసి, ఇంకా మందంగా పెట్టమన్నారు. కాయలు పగలకుండా రాలాయి. ఈ ఆలోచన ఎవరిదని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. నిజంగానే వాళ్లకు తెలియదు.

జిల్లా సైన్సు ప్రదర్శనకు పంపే కాగితంలో ఐదు పేర్లకూ చోటుంది. నేను నాగవేణి పేరొక్కటే రాశాను. ఎందుకు? ఆ పిల్ల గడగడా మాట్లాడుతుంది. ఇంత చిన్నపిల్ల ఒక్కతే చేసిందంటే జడ్జీలు మురిసిపోతారని, ప్రైజు వస్తుందని, ఆ పిల్లను తయారుచేసిన టీచరెవరని నలుగురూ అడుగుతారని.

"నేనే చేసినా అని చెప్పు," అన్నాను.

"అందరం చేసినాం గదా మేడం?"

"ముందు చెప్పు పాపా. తర్వాత చూసుకుందాంలే."

చెప్పింది. ప్రైజొచ్చింది. పేపర్లో ఫొటో పడింది. మర్నాడు మిగతా నలుగురూ నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు.

"మా పేర్లు యాడ మేడం?" అన్నాడు ఓబులేసు.

"నేనేం చేసేదప్పా? నా పేరొక్కటే పెట్టండని నాగవేణే అడిగింది."

నోరు జారి అన్న మాట కాదు. ఆ నలుగురి ముందు చెడ్డదాన్ని కావడం ఇష్టం లేక, ఆలోచించే అన్నాను. నాగవేణి తలుపు దగ్గరే ఉంది. విన్నది. నా వైపు చూసింది. టీచరు అబద్ధం చెబుతోందని పదమూడేళ్ల పిల్ల ఎట్లా అంటుంది, అంటే ఎవరు నమ్ముతారు, అని నేను అప్పుడే అనుకున్నానా? అనుకునే ఉంటాను.

వాళ్లు ఆ పిల్లతో మాట మానేశారు. మధ్యాహ్నం అన్నం ఒక్కతే తినేది. ఆ గదిలోకి మళ్లీ రాలేదు. మిగతావాళ్లు కొన్నాళ్లు వచ్చారు గానీ ఏ పనీ సగం దాటలేదు. నేను మాత్రం ప్రైజు కప్పును స్టాఫ్ రూములో అందరికీ కనబడేట్టు పెట్టించాను.

మొన్న బస్సులో ఓబులేసు కనబడ్డాడు. ఇప్పుడు బుక్కరాయసముద్రంలో ట్రాక్టర్లు రిపేరు చేస్తున్నాడు. నన్ను కూర్చోబెట్టి తను నిలబడ్డాడు. నాగవేణి ఎట్లా ఉందని అడిగాను.

"ఊర్లోనే ఉండాది మేడం. ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోతా. మోసం చేసిన మనిషితో ఏం మాట్లాడేది?"

అప్పుడైనా చెప్పొచ్చు కదా? "పోనీలేప్పా, చిన్నప్పటి సంగతి," అన్నాను. సిగ్గు లేదు నాకు.

ఆమె అడగలేదు. నేనే అన్నాను. ఇది రాశాక గుండె మీది బండ కొంచెం దిగినట్టే ఉంది, అబద్ధమెందుకు. కానీ తేలికపడింది నేను. ఓబులేసు మాత్రం నాగవేణి ఎదురొస్తే ఇప్పటికీ పక్క సందులోకి తిరిగిపోతున్నాడు.