కొలతల గోడ ముందు పరీక్ష

బూర్గంపాడులో జాకెట్లు కుట్టే ఆరిఫాకు లా చదవాలన్న కోరిక పెళ్లికి ముందునాటిది. కరోనా ఏడాది ప్రవేశపరీక్ష ఇంటి నుంచే రాయవచ్చని తెలిసి, ముప్పై ఎనిమిదో ఏట దరఖాస్తు పెట్టింది.

పరీక్ష రోజు ఒంటిగది ఇంట్లోంచి అందరూ బయటికి నడిచారు. లాప్‌టాప్‌లోంచి పర్యవేక్షకుడు గదంతా చూపించమన్నాడు.

"గోడ మీద ఆ అంకెలేంటమ్మా?"

"జాకెట్ల కొలతలు సార్. సుద్దతో రాసుకున్న."

"తుడిచేస్తేనే పరీక్ష."

ఇరవై మంది కొలతలవి. ఆరిఫా తడిగుడ్డతో గోడంతా తుడిచి కూర్చుంది. వాకిట్లో అత్త మలికాబీ, "జర మెల్లగ మాట్లాడుండ్రి, మా కోడలు వకీలు పరీక్ష రాస్తంది" అంటూ వచ్చేపోయేవాళ్లను ఆపింది.

మూడు వారాలకు సీటొచ్చింది. మలికాబీ ఇంటింటికీ వెళ్లి చెప్పి వచ్చింది. ఆరిఫా మాత్రం మిషను ముందు కూర్చుని, మళ్లీ కొలతలు నిండిన గోడను చూస్తూ చాలాసేపు నవ్వుతూనే ఉంది.