సన్నాయి వినపడని పెళ్ళి వీడియోలు

తెనాలి చుట్టుపక్కల చాలా ఇళ్ళ పెళ్ళి వీడియోల్లో మా ఆయన కనపడతారు. మండపం పక్కన చాప మీద కూర్చుని, బుగ్గలు పొంగించి సన్నాయి ఊదుతుంటారు. పక్కన మా తమ్ముడు డోలు వాయిస్తూ తల ఆడిస్తుంటాడు. ఇద్దరూ చెమటతో తడిసిపోయి ఉంటారు. వినపడేది మాత్రం సినిమా పాట.

వీడియో తీసేవాళ్ళ పద్ధతే అది. పెళ్ళి రోజు కెమెరా మాటలూ మంత్రాలూ మేళమూ అన్నీ పట్టుకుంటుంది. తర్వాత స్టూడియోలో కూర్చుని ఆ చప్పుడంతా తీసేసి పైన పాటలు అతికిస్తారు. తలంబ్రాలకు ఒక హుషారు పాట, అప్పగింతలకు ఒక ఏడుపు పాట. తాళి కట్టేటప్పుడు తుమ్మూ ఏడుపూ ఎవరి చెవినా పడకూడదని గట్టిమేళం వాయిస్తారు. దాన్ని కూడా తుడిచేసి పాట పెడతారు. బతుకంతా వాయించిన మనిషి ఊరూరా టీవీల్లో ఉన్నాడు, ఒక్కచోటా ఆయన సన్నాయి లేదు.

ఇప్పుడు ఆయన వాయించలేరు. పళ్ళు పోయాయి. కట్టుడు పళ్ళతో సన్నాయి నోట్లో పెట్టుకుంటే గాలి పక్కలనుంచి పోతుంది. రెండుమూడుసార్లు ప్రయత్నించి, గుడ్డ సంచిలో చుట్టి బీరువా మీద పెట్టేశారు. ఊదేవాడికి తన సన్నాయి ఎదుట కూర్చున్నవాళ్ళకు ఎలా వినపడుతుందో తెలియదట. ఆ మాట ఆయనే అన్నారు. "నువ్వు విన్నావు, ఊళ్ళో వాళ్ళు విన్నారు. నేనొక్కణ్ణే వినలా" అన్నారు. అప్పుడు నాకు పట్టుకుంది. ఒక్కసారి, ఒక్కటైనా, ఆయన సన్నాయి ఆయనకు వినిపించాలని.

అందుకోసమే నేను అక్షరాలు నేర్చుకున్నాను. మా వీధి చివర బడి వరండాలో సాయంత్రం పూట ఒక టీచరమ్మ ఆడవాళ్ళకు చదువు చెప్పేది. నేను చేరేసరికి మోకాళ్ళు కింద కూర్చోనివ్వడం లేదు, బెంచీ మీద కూర్చుని అఆలు దిద్దాను. మిగతావాళ్ళు సంతకం కోసమో బస్సు బోర్డుల కోసమో వచ్చారు. నేను ఫోన్లో పాటల పేర్లు చదవడానికి వచ్చానంటే టీచరమ్మ నవ్వింది.

"అదేంటమ్మా, బొమ్మ చూసి నొక్కేయచ్చుగా?"

"బొమ్మలన్నీ ఒకటేనండి. అందరూ చొక్కా లేకుండా సన్నాయి పట్టుకునే ఉంటారు."

చదవడం వచ్చాక మొదట తెలిసింది పాటల కింద జనం రాసే మాటలు. అంతవరకూ అవన్నీ మెచ్చుకోళ్ళే అనుకునేదాన్ని. ఒక పెద్ద విద్వాంసుడి సన్నాయి కింద "ఎవరు పోయారు?" అని రాసి ఉంది. దాని కింద నవ్వే బొమ్మలు వరసగా ఉన్నాయి. చదువు రాకముందు ఆ పాట ఎంతో బాగా వినేదాన్ని.

సరే, వెతుకుతూ వెతుకుతూ చాలా విన్నాను. సభలో, పందిట్లో, జనం మధ్య పట్టినవే నాకు ఇష్టం. స్టూడియోలో కడిగి ఆరేసినవి నాకు ఎక్కవు. వాటిలో కొన్ని చెప్తాను, దొరికితే వినండి.

మా తెనాలిలో నాటకం పోటీల్లో ఎవరో ముందు వరసలో కూర్చుని టేప్ రికార్డర్‌లో పట్టిన పద్యాలు ఉన్నాయి. రాజు పాత్ర చచ్చిపోతూ పద్యం పాడతాడు. జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. చచ్చినవాడు లేచి మళ్ళీ మొదటినుంచి పాడి మళ్ళీ చస్తాడు. రెండోసారి ఇంకా బాగా పాడాడు. టేపు పట్టినాయన పక్కన ఎవరో వేరుశనక్కాయలు ఒలుచుకు తింటున్నారు. రాగం తీసినప్పుడల్లా పటుక్కుమని ఒక కాయ పగులుతుంది. ఆ చప్పుడు లేకుండా ఆ పద్యం నాకు ఇప్పుడు ఊహకు రాదు.

ఇంకొకటి రేపల్లెలో నవమి పందిట్లో ఒకావిడ పాడిన భజన. మధ్యలో కరెంటు పోతుంది. మైకు చచ్చిపోతుంది, ఆవిడ మాత్రం ఆపదు. ఫోను చెవికి ఆనించుకుంటే గొంతు దూరంగా, నూతిలోంచి వచ్చినట్టు వినపడుతుంది. కరెంటు వచ్చేసరికి గొంతు ఒక్కసారిగా మీద పడుతుంది. అప్పుడూ జనం కేకలు వేశారు, కానీ పాటకి కాదు, ఫ్యాన్లు తిరిగినందుకు.

కొత్తవాళ్ళలో ఇద్దరిని చెప్పాలి. బాపట్ల దగ్గర ఒక పల్లెలో అక్కాచెల్లెళ్ళు సన్నాయి వాయిస్తున్నారు, వాళ్ళ నాన్న డోలు. పెద్దదాని ఊపిరి చూస్తే నాకు కడుపు నిండుతుంది. పెళ్ళిళ్ళకు పిలుస్తున్నారు, గుమ్మం దగ్గర నిలబెట్టి ఫొటోలు తీసుకోవడానికి. అందరూ లోపలికి వచ్చాక డీజే పెట్టుకుంటారు. రెండోది సూర్యలంకలో శని ఆదివారాలు వాయించే కుర్రాళ్ళ బ్యాండు. ఒకడిది గిటారు, ఒకడు చెక్కపెట్టె మీద కూర్చుని దాన్నే చేతుల్తో వాయిస్తాడు. నిజాంపట్నం వైపు పడవవాళ్ళు వల లాగేటప్పుడు పాడే పాట ఒకటి నేర్చుకుని పాడారు. సగం గాలి హోరే వినపడుతుంది, అయినా వినండి. షికారుకు వచ్చినవాళ్ళు "తమ్ముడూ, అది ఆపి సినిమా పాట ఎత్తుకో" అనడం కూడా అందులో ఉంది. వాళ్ళు ఎత్తుకున్నారు పాపం.

ఇన్ని దొరికినా ఆయనది దొరకలేదు. ఇలా లాభం లేదని, ఆయన ఎప్పుడూ చెప్పుకునే ఒక పెళ్ళిని వెతుక్కుంటూ బయల్దేరాను.

ఆ పెళ్ళి బాపట్లలో జరిగింది. ఇంటికి ఎవరు వచ్చినా ఆయన దాని సంగతి చెప్పేవారు. "ఆ రోజు కల్యాణి రాగం ఎత్తుకున్నాను. అంత పెద్ద మనిషి, కారు దిగి లోపలికి వస్తూ, వస్తూ ఆగిపోయాడు. నిలబడి విన్నాడండీ. కుర్చీ వేసినా కూర్చోలా. నేనే మర్యాదకి ఆపి, లేచి దణ్ణం పెట్టాను." ఇది చెప్పేటప్పుడు ఆయన వెన్ను నిటారుగా అయ్యేది. మా తమ్ముడు పక్కనుంటే "అవును బావా" అనేవాడు. నాకు ఆ కల్యాణే కావాలనిపించింది.

ఆ పెళ్ళికూతురు ఇప్పుడు బాపట్లలోనే ఉంటుంది. బస్సెక్కి వెళ్ళాను. మంచి పిల్ల, కాఫీ ఇచ్చి, టీవీలో తన పెళ్ళి పెట్టింది. మా ఆయన వచ్చారు, నల్ల మీసాలతో. పాట సినిమాది.

"సౌండేం ఉండదు పెద్దమ్మా. ఈ పాటలన్నీ మా అన్నయ్య ఏరి మరీ వేయించాడు. బాగున్నాయి కదా?"

"బాగున్నాయమ్మా."

వీడియో తీసినతను రేపల్లె మనిషని ఆ పిల్లే చెప్పింది. రైలెక్కి రేపల్లె వెళ్ళాను. అతనిప్పుడు స్టేషన్‌కు కాస్త దూరంలో ఫ్లెక్సీలు వేసే కొట్టు నడుపుతున్నాడు. నేను వచ్చిన పని చెప్తే ఆశ్చర్యంగా చూశాడు.

"మేళం సౌండు కావాలని అడిగిన పార్టీ మీరొక్కరే పిన్నిగారూ. ఆ రోజుల్లో అది ఉంచితే మమ్మల్ని తిట్టేవాళ్ళు. పాటలు కూడా వెయ్యలేదేంటయ్యా, వీడియో అంటే ఇదేనా అని."

"పాటలు అతికించకముందు తీసిన క్యాసెట్టు ఉంటుందేమో అని వచ్చాను బాబూ."

"వాటి మీదే మళ్ళీ మళ్ళీ తీసేవాళ్ళం అండి. ఉండవు."

నేను కదలకుండా కూర్చున్నాను. అతను విసుక్కుంటూనే నిచ్చెన వేసుకుని అటక మీద గోనెసంచీ దించాడు. టేపు నలిగిపోయి పనికిరావని పక్కన పడేసిన క్యాసెట్లు అందులో ఉన్నాయి. బాపట్ల పెళ్ళిది వాటిలో ఒకటి. చెడిపోయింది కాబట్టే మిగిలింది. తుడిచి, అతికించి, మళ్ళీ వారం రమ్మన్నాడు. వెళ్ళాను. కంప్యూటర్‌లో పెట్టాడు. పందిరి గోల, ఎవరో గరిటె కోసం అరవడం, ఆ గోల కిందనుంచి సన్నగా సన్నాయి లేచింది.

"చాలు, ఆపు నాయనా. మిగతాది ఆయనతో కలిసి వింటాను" అన్నాను. ఫోన్లో వేసి ఇచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం మా తమ్ముణ్ణి కూడా భోజనానికి పిలిచాను. వాడికి విషయం చెప్పకుండా, తిన్నాక ఇద్దరినీ కూర్చోబెట్టి ఫోను పెట్టాను. ఆయన మొదట బొమ్మ చూసి నవ్వారు. "ఒరే, నీ జుట్టు చూడరా." తర్వాత సన్నాయి వినపడింది. ఆయన నవ్వు ఆగిపోయింది. కళ్ళు మూసుకున్నారు. కల్యాణి మెల్లగా పైకి వెళ్తోంది. ఆయన వేళ్ళు తొడ మీద కదులుతున్నాయి. ఇన్ని ఊళ్ళు తిరిగింది ఇందుకే కదా అనుకున్నాను.

అప్పుడు వచ్చింది ఆ గొంతు, కెమెరా పక్కనే ఉన్నట్టుంది, స్పష్టంగా.

"ఒరేయ్ సన్నాయీ! ఆపెహె! పెద్దాయన వస్తుంటే కనపడట్లా?"

డోలు ఆగింది. సన్నాయి ఇంకా సాగుతోంది.

"ఇంకా పీకుతున్నాడు చూడు. వాడి నోట్లోంచి లాగండ్రా దాన్ని!"

నలుగురు నవ్వారు. సన్నాయి మధ్యలో తెగిపోయింది. "దణ్ణవండీ బాబుగారూ" అన్నారు మా ఆయన, వయసులో ఉన్న గొంతుతో. బొమ్మలో ఆ పెద్దమనిషి నిలబడే ఉన్నాడు, అటూ ఇటూ చూస్తూ. "ఫ్యానెక్కడుందయ్యా? ఫ్యాను కిందకి వెయ్యండి కుర్చీ" అన్నాడు. కుర్చీ తెచ్చారు. దాన్ని ఫ్యాను కిందకు జరిపించుకుని కూర్చున్నాడు.

నేను తడబడుతూ ఫోను ఆపాను. నాకు నొక్కే చోటు కూడా వెంటనే దొరకలేదు.

ఆయన కళ్ళు తెరిచి మా తమ్ముడి వైపు చూశారు. "నాకా మాట వినపళ్ళేదురా. నీకు వినపడిందా?"

వాడు తల ఎత్తలేదు. "ముందు డోలు ఆపింది నేనేగా బావా."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదే?"

"ఏం చెప్పను? నువ్వు బాగా చెప్పుకునేవాడివి."

వాడు ఇన్నేళ్ళు "అవును బావా" అంటూ దాచినదాన్ని, నేను బస్సులూ రైళ్ళూ ఎక్కి వెతికి తెచ్చి ఆయన ముందు పెట్టాను. వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ నావైపు చూసిన చూపు నేను ఎవరికీ చెప్పుకోలేదు.

సాయంత్రం ఆయన్ని అడిగాను. "మరి సన్నాయి ఎలా ఉందండీ?"

"నేను వినలా" అన్నారు.

తెనాలిలో ఒక స్టూడియోకు వెళ్ళి ఆ గొంతు తీసెయ్యమని అడిగాను. గొంతూ సన్నాయీ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, అది తీస్తే ఇదీ పోతుంది అన్నారు. అయితే ఆ మాట రాకముందే కోసెయ్యమన్నాను. కోశారు. తిట్టు లేకుండా, నవ్వులు లేకుండా, శుభ్రంగా ఉంది. ఇంటికి తెచ్చి ఆయన పక్కన కూర్చుని చెప్పాను.

"ఇప్పుడు అదేం లేదండీ. మీ సన్నాయి ఒక్కటే. వినండి."

"అది ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు కదే" అన్నారు. కోపంగా కూడా అనలేదు. అటు తిరిగి పడుకున్నారు.

ఆ తర్వాత బాపట్ల పెళ్ళి సంగతి ఆయన నోట రాలేదు. మొన్న ఆ సన్నాయి వాయించే అక్కాచెల్లెళ్ళ నాన్న, పిల్లల్ని వెంటబెట్టుకుని మమ్మల్ని చూడటానికి వచ్చి, పిల్లలు వింటారు, ఆ కల్యాణి ముచ్చట చెప్పండి బాబాయిగారూ అని అడిగాడు. "ఏ కల్యాణి?" అన్నారు. ఆ పిల్లలు నావైపు చూశారు. నేను కాఫీ పెట్టడానికి లేచాను.

రెండూ నా ఫోన్లో ఉన్నాయి, కోసిందీ, కోయనిదీ. మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు చెవుల్లో పెట్టుకుని వింటాను. కోయనిదే వింటాను, ఆ గొంతు వచ్చాక కూడా సన్నాయి ఇంకాస్త సాగుతుంది, ఆ కాస్తలోనే రాగం బాగా పైకి వెళ్ళింది. అంత బాగా నేను ఇంకెవరిదీ వినలేదు. ఆ సంగతి ఆయనతో అనలేదు.