వహ్‌బా బిలం అడుగున తెల్లటి నేల

నాకు ఒకచోట కాలు నిలవదని మా ఇంట్లో ఎప్పుడో తేల్చేశారు. హిమానీనదాల కింద రగిలే అగ్నిపర్వతాల మీద పరిశోధనకు విదేశంలో సీటొస్తే, నాన్న "ఇంకో షికారు" అనేశారు. ఆదివారంలోగా జవాబివ్వాలి. నేను వెనకాడుతున్నది ఆయన మాటకు కాదు. ఎమ్మెస్సీ జియాలజీ ఫీల్డ్ ట్రిప్‌లో ఒక కొండవాలు మీద నా కాళ్ళు బిగుసుకుపోతే ఇద్దరు పట్టుకుని దించారు. ఇంట్లో ఎవరికీ తెలియదు. మళ్ళీ దిగగలనో లేదో చూసుకోవడానికే సౌదీలోని వహ్‌బా అగ్నిబిలానికి వెళ్ళాను.

నాన్న ఉద్యోగం తాయిఫ్‌లో. అక్కడి నుంచి రెండు వందల యాభై కిలోమీటర్లు, తారు రోడ్డే. తోడు అమ్మ వచ్చింది. నాన్న ఆఫీసు డ్రైవరు మస్తాన్ భాయ్‌ది ప్రొద్దుటూరు; శుక్రవారం సెలవు కాబట్టి రానుపోను నాలుగు వందల రియాళ్ళకు ఒప్పుకున్నాడు. ఐదున్నరకు బయల్దేరి ఎనిమిదిన్నరకు చేరాం. టికెట్ లేదు.

పైకొస్తున్న శిలాద్రవం భూమిలోని నీటిని తాకి పేలితే పడిన గుంత ఇది. మంచు కింద లావా పొంగినా దాదాపు ఇలాగే పేలుతుంది. రెండు వందల యాభై మీటర్ల లోతున నేలంతా తెల్లగా, అచ్చం మంచులా ఉంది. అమ్మ తొంగిచూసి, "ఈ ఉప్పుమడి చూపించడానికా ఇంతదూరం తెచ్చావు? మా చినగంజాంలో బోలెడున్నాయి కదే!" అంది. ఆమె అంచునే కూర్చుంది. నేనూ, చేతిలో ఒక ఇనపకడ్డీతో మస్తాన్ భాయ్ దిగాం.

సగం వాలులో కాలికింద గులకరాళ్ళు జారాయి. మోకాళ్ళు బిగుసుకున్నాయి.

"కిందికి సూడొద్దు పాపా. నా చెప్పులే సూస్కుంటా రా," అన్నాడు మస్తాన్ భాయ్, వెనక్కి తిరక్కుండానే.

ఆ అరిగిన చెప్పులనే చూస్తూ యాభై నిమిషాల్లో అడుగుకు చేరాను. ఆ సంబరంలో బాగా తెల్లగా ఉన్నచోట బాగా ఆరి ఉంటుందనుకుని పరుగెత్తాను. పది అడుగులకే కుడికాలు మోకాలిదాకా దిగిపోయింది.

"కదలగాకు! ముందుకు పండుకో!"

తన ఇనపకడ్డీతో నేలను పొడుస్తూ వచ్చి, నన్ను లాగి, అదే కడ్డీతో నా బూటునూ పైకి తీశాడు. "దీన్ని సబ్ఖా అంటారు. పైన అప్పడం, కిందంతా బురద. హుఫూఫ్ కాడ నా పికప్పును సగం మింగేసె. సదువుకున్నోళ్ళు తెలుపు సూసి ఉరుకుతారు, మేము గుచ్చి సూసి నడుస్తాం."

హిమానీనదం మీదా పగుళ్ళకోసం అలాగే కర్రతో పొడుస్తూ నడుస్తారు. పుస్తకంలో ఆ వాక్యం కింద గీత కూడా గీసుకున్నాను! బురదలో కూర్చుని నవ్వాను.

ఎక్కడానికి గంటన్నర పట్టింది. ఎక్కడా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. నా బురద కాలు చూసి అమ్మ, "ఇక తీరిందా సరదా?" అంది. తీరింది భయం. ఏళ్ళ తరబడి మోసిన బరువు దిగి, దారిలో కారులో ఒళ్ళెరగకుండా నిద్రపోయాను.

వెళ్ళేవాళ్ళు మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఒక గట్టి కర్ర తీసుకెళ్ళండి. వాన పడ్డాక తెల్లటి నేల మీద అడుగే పెట్టకండి.

శనివారం పొద్దున సీటుకు ఒప్పుకుంటూ జవాబు పంపాను. నేను వెళ్తున్నాను.