ఎబెర్తో నిజంగా పోయిన కార్నివాల్

ఎబెర్తో ఏడాదికోసారి చచ్చేవాడు. కార్నివాల్ ఆఖరి మంగళవారం, పొద్దున ఫలహారం అయ్యాక చచ్చి, దీపాలు పెట్టే వేళకి లేచి ఇంటికొచ్చేవాడు. చావడంలో అంత పనిమంతుడు రెబోలో పేటలో ఇంకొకడు లేడు.

కార్నివాల్ నాలుగు రోజులూ తాగి తందనాలాడి, కనబడిన ఆడదానికల్లా కన్నుకొట్టి, పండగతో పాటే తనూ కన్నుమూసే సరదా మనిషి వేషం పేరు హోసెలీతో. మగ్దలేనా నది ఒడ్డున బర్రాంకియాలో పేటకో హోసెలీతో చస్తాడు. కొన్ని పేటలవాళ్లు గుడ్డల బొమ్మతో సరిపెట్టుకుంటారు. రెబోలో పేటవాళ్లకి ఆ ఖర్మ పట్టలేదు, ఎబెర్తో ఉన్నాడు కాబట్టి. బానపొట్ట, గుబురు మీసం, ముక్కులో దూది. పాత తలుపుచెక్కలతో కొట్టిన పెట్టెలో వెల్లకిలా పడుకున్నాడంటే ముక్కుమీద ఈగ వాలినా కదిలేవాడు కాదు. మీసాలున్న మగాళ్లే నల్లగౌన్లు తొడుక్కుని, రొమ్ములకి కొబ్బరిచిప్పలు కట్టుకుని, విధవరాళ్లై వెంటపడి ఏడ్చేవాళ్లు. నీ పిల్లలకి పాలెవడిస్తాడ్రా అని ఒకడు, పోయేముందు నా పరుపు నాకిచ్చి పోరా అని ఇంకొకడు. జనం తెల్లటి మొక్కజొన్న పిండి చల్లుతూ, పొట్టలు పట్టుకుని నవ్వుతూ వెనక నడిచేవాళ్లు.

ఇంత గొప్ప చావుని అతని పెళ్లాం నూరిస్ ఒక్క ఏడు కూడా చూళ్లేదు. మొగుణ్ణి పెట్టెలో చూడకూడదని వాళ్లమ్మ ఎప్పుడో చెప్పింది. అదీగాక ఆ రోజు ఆమెకి చేతినిండా పని. నూరిస్ బోయోలు చేసేది. నానబెట్టిన మొక్కజొన్న రుబ్బి, ముద్దచేసి, పొత్తుల ఆకుల్లో చుట్టి, తాడుతో కట్టి ఉడకబెట్టడం. పెళ్లికి ముందు రేవులో బుట్ట పెట్టుకుని అమ్మేది. ఎబెర్తో అప్పుడు బొగ్గు పడవల్ని లాగే స్టీమర్‌లో కూలి. ఒళ్లంతా బొగ్గు నలుపుతో దిగి, బోయో తీసుకుని, చేతులు మురికిగా ఉన్నాయి, నువ్వే నోట్లో పెట్టు అన్నాడు. ఆమె ఆకుతో సహా నోట్లో కుక్కింది. అలా మొదలైంది కాపురం. పిల్లలు పుట్టలేదు. ఉన్న అల్లరంతా అతనే చేసేవాడు.

నూరిస్ కళ్లు మామూలుగా కుళాయిలు. రేడియోలో నాటకం విని ఏడ్చేది. పక్కింటివాళ్ల కుక్క కుంటితే ఏడ్చేది. ఎబెర్తో దగ్గర కూర్చుని, ఇంకొంచెం, చారులో ఉప్పు సరిపోలేదు అనేవాడు.

ఆ ఏడు సోమవారం మధ్యాహ్నం ఎబెర్తో గుమ్మంలో ఊగుడు కుర్చీలో కూర్చుని కసరత్తు చేస్తున్నాడు. ఊపిరి బిగపట్టడం కసరత్తు. నోరు కొద్దిగా తెరిచి, తల ఒక పక్కకి వాల్చి, చేతులు వేలాడేసి, ఎంతసేపు ఉండగలడో చూసుకునేవాడు. నూరిస్ లోపల ఉప్పుమాంసం వేసి కంది గింజల పులుసు కాచింది. గిన్నెలో పోసి, అక్కడ పెట్టి, లెమ్మంది. లేవలేదు. పులుసు చల్లారిపోతోంది, నీ చావు రేపు కదా, ఇవాళ తిని చావు అంది. వీధిలో పోయేవాళ్లు నవ్వారు. ఆమె తిడుతూ తన గిన్నె ఖాళీ చేసింది. దాన్ని కడిగింది. మళ్లీ వచ్చి తిట్టింది. చివరికి అతని అరికాలు గీరింది. ఎంత ఘోరంగా చచ్చినా అరికాలు గీరితే మాత్రం ఎబెర్తో ఆగలేడు, పంది కూసినట్టు నవ్వేవాడు.

నవ్వలేదు.

డాక్టరొచ్చాడు. ఆయన జుట్టునిండా పిండి. గుండె అన్నాడు. ఎండలు మండుతున్నాయి కాబట్టి రేపే పాతిపెట్టాలన్నాడు. నూరిస్ సరే అంది. డాక్టరు ఆమె మొహం చూసి, అర్థమైందా అని మళ్లీ అడిగాడు. అర్థమైంది అంది. పులుసు తీసుకుంటారా అని అడిగింది.

కన్నీళ్లు రాలేదు. ఇప్పుడొస్తాయి కాబోలని ఆమె కాసేపు మంచం మీద కూర్చుని ఎదురుచూసింది కూడా, బస్సు కోసం చూసినట్టు.

సొలెదాద్ అనే పక్క ఊరి నుంచి ఆడపడుచు బెత్సబే దిగింది. మనిషి పిడికెడు, గొంతు మాత్రం స్టీమర్ కూత. వీధి మొదట్లోనే రాగం ఎత్తుకుని, తమ్ముడి పెట్టెదాకా ఒక్క ఊపిరిలో ఏడ్చుకుంటూ వచ్చింది. పెట్టె ఈసారి నిజమైనది, మూతకి మొహం కనబడేలా చిన్న అద్దం కూడా ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లలో సగంమంది అద్దం మీద తట్టి, భలే ఉందిరా ఎబెర్తో, ఎక్కడ అద్దెకి తెచ్చావు అన్నారు. నిజమని చెబితే ఇంకా నవ్వారు. ఈ ఏడు అక్కనీ తెచ్చావా, ఖర్చుకి వెనకాడలేదే అన్నారు. నూరిస్ అందరికీ కాఫీలిచ్చింది. ఆమె కళ్లు పొడిగా ఉండటం చూసి వాళ్లకి అనుమానమే రాలేదు.

వంటింట్లో బెత్సబే ఆమె జబ్బ పట్టుకుంది.

“ఒక్క చుక్కయినా రాదేం నీకు? జనం ఏమనుకుంటారు?”

“రావట్లేదు వదినా. నేనేం ఆపుకోవట్లేదు.”

“ఏటేటా దొంగ ఏడుపులేగా వాడికి. ఈ ఒక్కసారైనా పెళ్లాం నిజంగా ఏడవకపోతే ఎట్లాగే?”

ఆ మాట మాత్రం నూరిస్‌కి లోపల ఎక్కడో తగిలింది, మత్తుమందు ఇచ్చిన చిగుళ్లని పళ్ల డాక్టరు తట్టినట్టు. తగిలిందని తెలుస్తోంది, నొప్పి లేదు. సమాధి మూసేలోపు తను ఏడవాలి. అదొక్కటే ఆమె మనసులో నిలబడింది. బోయోలకి పొయ్యి అంటించాలి అన్నట్టు.

మంగళవారం శవాల బండి పేట చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఊరేగింపుల కోసం వీధులన్నీ కట్టేశారు. డ్రైవరు చేతులెత్తేసి, మీరు నడవండి, నేను చుట్టుతిరిగి కాగితాలు పట్టుకుని శ్మశానం దగ్గరికొస్తా అన్నాడు. అట్లా పెట్టె భుజాలకెక్కింది. ముందు బెత్సబే ఏడుస్తూ, వెనక నూరిస్ ఊరికే నడుస్తూ.

సరిగ్గా మూల తిరిగేచోట నల్లగౌన్లు కాచుకుని కూర్చున్నాయి. వాళ్ల పెద్ద అనీబల్, చేపల మార్కెట్‌లో పొలుసులు గీకేవాడు, ఎబెర్తోకి పాతికేళ్లుగా పెద్దపెళ్లాం. ఎబెర్తో పోయాడని పొద్దున ఎవరో చెబితే, పోకుండా ఎట్లా, ఇవాళ మంగళవారమేగా అని నవ్వి పంపించాడు. ఇప్పుడు మెరిసిపోయే పెట్టెని చూడగానే వాడికి కడుపు నిండింది. విగ్గు సర్దుకుని, గౌను ఎత్తిపట్టుకుని, ఒక్క గెంతులో వచ్చి పెట్టెమీద పడ్డాడు. మోసేవాళ్లు తూలితే పెట్టె నడుం ఎత్తుకి జారింది. నాతో పడుకోవడానికి ఇంట్లో మంచం లేదనేవాడివి, ఒక్కడివే ఇంత మంచం చేయించుకున్నావురా ద్రోహీ అని మొదలుపెట్టాడు. మిగతా విధవరాళ్లు చుట్టూ మూగారు. బాజాలు అందుకున్నాయి. ఎటునుంచో పిండి లేచి వీధంతా పొగమంచైంది. జనం ఇళ్లలోంచి పరిగెత్తుకొచ్చారు. బెత్సబే నిజం నిజం అని అరుస్తోంది. ఆమెని పట్టుకుని ఎవరో ముద్దుపెట్టుకున్నారు.

అనీబల్ అద్దానికి మూతి ఆనించి, ఒక్క మూలుగు మూలగరా, జనం చూస్తున్నారు అని గొణిగాడు. తల ఎత్తేసరికి నూరిస్ కనబడింది. పిండిలో నిలబడి ఉంది. వాడు పాతికేళ్ల చావుల్లో ఆమెని పెట్టె వెనక ఒక్కసారీ చూళ్లేదు.

“నువ్వెందుకొచ్చావక్కా?”

“ఎవరో ఒకరు రావాలి కదా, అనీబల్.”

వాడి చెయ్యి విగ్గు మీదే ఉండిపోయింది. మళ్లీ అద్దంలోకి చూశాడు. కళ్లకి పూసిన కాటుక కింది పెదవిదాకా జారింది. ఆపండ్రా అని అరవడానికి వెనక్కి తిరిగాడు. నూరిస్ వాడి గౌను పట్టుకుంది.

“ఆపకు. ఏడవనీ వాళ్లని. నాకు రావట్లేదు.”

అనీబల్ ఏడ్చాడు. ఈసారి మంచం సంగతి, పరుపు సంగతి ఏమీ రాలేదు నోటికి. ఒరేయ్ ఎబెర్తో, ఒరేయ్ ఎబెర్తో అని అంతే. చీమిడి కారుతోంది. రొమ్ముల కొబ్బరిచిప్ప ఒకటి జారి పొట్టమీదికొచ్చింది. అంత బాగా అనీబల్ ఎప్పుడూ చెయ్యలేదని జనం తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు. కిటికీల్లోంచి చప్పట్లు కొట్టారు. నూరిస్ ఆ చప్పట్ల మధ్య నడిచింది. నడుస్తూ, పొయ్యిమీద నీళ్లు మరుగుతున్నాయో లేదో తొంగిచూసినట్టు, మధ్యమధ్య లోపలికి చూసుకుంది. మరగట్లేదు.

శ్మశానం గేటు వేసి ఉంది. లోపల కాపలా ఎలియేసెర్ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఏటేటా హోసెలీతోలు గేటు తోసుకుని జొరబడి సమాధులనిండా పిండి కొడుతున్నారని, ఆ మంగళవారం నకిలీ చావుల్ని రానివ్వొద్దని అతనికి గట్టిగా చెప్పారు. కాగితాలున్న బండి ఇంకా ఎక్కడో ఊరేగింపు వెనక ఇరుక్కుంది. సమాధులు మూసే తాపీవాడు ఇంకాసేపట్లో పనిముట్లు సర్దుకుని ఇంటికి పోతాడు. ఆ తర్వాత బుధవారం సెలవు. ఆ ఎండలో ఎబెర్తో అన్నాళ్లు ఆగడు.

బెత్సబే ఊచలు పట్టుకుని గుండె పగిలేలా ఏడ్చింది. ఎలియేసెర్ మెచ్చుకోలుగా చూశాడు. ఈవిడ కొత్తగా ఉందే, బాగా చేస్తోంది అన్నాడు. అనీబల్ తల్లిమీద ఒట్టేశాడు. ఒక కొబ్బరిచిప్పతో ఒట్టేసిన మనిషిని నమ్మడం ఎలియేసెర్ వల్ల కాలేదు. పోనీ మూత తీసి చూడమన్నారు. మోసేవాళ్లు పెట్టెని ఊచలవైపు వంచితే, అతను అద్దంలోంచి చూసి నిట్టూర్చాడు.

“ఈ మీసాన్ని నేనెరగనా? నిరుడు కాదు, అటు ఏడు ఇట్లాగే పడుకున్నాడు. ఊపిరుందేమోనని వేలు పెట్టి చూశాను. కొరికాడు.”

వేలు చూపించాడు. ముట్టుకోనంటే ముట్టుకోనన్నాడు. జనం నవ్వారు. మోసేవాళ్లు పెట్టెని నేలకి దించారు. విధవరాళ్లందరూ ఒకేసారి ఏడవడం మొదలెట్టారు. కొందరు ఆటగా, విషయం తెలిసిన కొందరు నిజంగా. ఎవరిది ఏదో చెప్పడం దేవుడి వల్ల కూడా కాదు.

నూరిస్ వాళ్లని తప్పించుకుని ముందుకొచ్చింది. జుట్టూ కనురెప్పలూ పిండితో తెల్లగా ఉన్నాయి. ఆ పిండిమీద ఒక్క చార లేదు. అక్కడ ఉన్న మొహాలన్నిటిలో తడవనిది అదొక్కటే.

“బాబూ, నేను అతని పెళ్లాన్ని.”

“పెళ్లాలు ఇక్కడ ఇరవైమంది ఉన్నారమ్మా.”

“అవును. వాళ్లంతా ఏడుస్తున్నారు. నన్ను చూడు.”

ఎలియేసెర్ చూశాడు. రోజూ శవాల్ని లోపలికి పంపించే మనిషి అతను. ఏడ్చేవాళ్లని చూశాడు, మూర్ఛపోయేవాళ్లని చూశాడు, వీళ్లందరి వెనక ఎక్కడో సంచి పట్టుకుని, ఏదో మర్చిపోయినట్టు నిలబడేవాళ్లని కూడా చూశాడు. ఆ మొహాన్ని ఎవడూ పండక్కి వేసుకుని రాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. తాళం తీశాడు. బెత్సబే ఏడుపు ఆపేసి, మరదలి మొహంకేసి చూసింది. నూరిస్ చెయ్యి పట్టుకుంది.

ఏడ్చేవాళ్లు బయటే ఉండాలన్నాడు ఎలియేసెర్. అనీబల్ విగ్గు తీసి చేతిలో పట్టుకుంటే వాణ్ణొక్కణ్ణి రానిచ్చాడు.

అక్కడ శవాల్ని నేలలో కాదు, గోడ గూళ్లలో పెట్టి ఇటుకలతో మూస్తారు; అలాంటి గూట్లోకి పెట్టెని తోశారు. తాపీవాడు ఇటుకలు పేర్చుకుంటూ వచ్చాడు. పెట్టె కాళ్లవైపు మాయమైంది, తర్వాత మూతమీద చెక్కిన పువ్వు మాయమైంది. ఒక్క ఇటుక పట్టే సందు మిగిలింది. అతను తాపీ ఆపి వెనక్కి తిరిగాడు.

“కాసేపు ఆగమంటారా అమ్మా? ఈ ఇటుక ముందు చాలామంది ఏడుస్తారు.”

నూరిస్ ఆ సందుకేసి చూసింది. లోపల చీకటిగా, చల్లగా ఉన్నట్టుంది. కాసేపు నిలబడింది. ఏడవడానికి ప్రయత్నించింది కూడా. అనీబల్ నేలకేసి చూస్తున్నాడు. నదిమీద నుంచి గాలి వచ్చి ఆమె జుట్టులో పిండిని కొంచెం లేపింది.

“వద్దులే బాబూ. నీ సిమెంటు గట్టిపడిపోతుంది.”

అతను ఇటుక పెట్టి, అంచులు నునుపు చేశాడు. గేటు బయట విధవరాళ్లు ఇంకా ఏడుస్తూనే ఉన్నారు. ఆపమని వాళ్లకెవరూ చెప్పలేదు. నూరిస్ కూడా చెప్పలేదు. అక్కడే నిలబడి, వాళ్లు అలిసిపోయేదాకా విన్నది.